దేవుడి సాలుకు కాపలా

హరిశ్చంద్రపురం,
నవంబరు 18.

ప్రియమైన నాన్నకు,

నీ రెబెక్కా వందనాలు. కోతల పండుగ తరవాత నువ్వు ఫోను ఎత్తడం లేదు. అమ్మనడిగితే పొలంలో ఉన్నాడంటుంది. ఒకవేళ ఎత్తినా, నీ గొంతు వినగానే నేను సగంలో ఆపేస్తాను. అందుకే రాస్తున్నాను. ఎంత కోపమొచ్చినా చివరిదాకా చదువు.

పండుగనాడు గుడిలో అందరూ తమ పంట బుట్టల్లో పట్టుకుని ముందుకు వెళ్తుంటే, నువ్వు ఖాళీ చేతులతో వెనక బెంచీ మీద కూర్చున్నావు. "యోనా మొక్కుకున్న సాలే పోనాది, పక్క సాళ్లు పచ్చగున్నాయి. దేవుడికేటి కోపమొచ్చిందో!" అని ఎవరో అన్నారు. ఇంటికి నడుస్తూ నన్నడిగావు, "నిజఁవేనేటే? బారువలో అన్నతో మాటల్లేవు. అలాటోడి బుట్ట ఆయన పుచ్చుకుంటాడేటి?" అని. సాల్మన్ రాజు పెదనాన్న ఊసు నీ నోట విని ఏళ్లయింది.

నాన్నా, ఆ సాలును పాడుచేసింది నేను.

మన బెండ తోటలో గట్టు పక్కనున్న మొదటి సాలు ఏటా దేవుడిది. దాని కాయంతా పండుగ బుట్టకే, ఇంట్లో ఎవరం ముట్టం. ఈ ఏడు తెల్లదోమ మొదలవగానే నువ్వు నా దగ్గరికే వచ్చావు, కూతురు వ్యవసాయ సహాయకురాలు కదా అని. తెల్లదోమ దూరం నుంచి రంగు చూసి వస్తుంది. పసుపు కనిపిస్తే దానికి లేత ఆకే. అందుకని పసుపు అట్టలకు ఆముదం పూసి తోటంతా కట్టమని ఊరందరికీ నేనే చెప్తాను. వచ్చి వాలినవి అంటుకుని చస్తాయి. మన తోటలో మాత్రం పన్నెండు అట్టలూ దేవుడి సాలులోనే కట్టాను. ఆముదం పూయలేదు. దోమంతా అక్కడికే పోయి ఆ మొక్కల మీదే వాలితే, మన సాళ్లు దక్కుతాయనుకున్నాను. ఒక సాలు పోక తప్పదనిపించినప్పుడు, అడగడానికి రాడు కదా అని దేవుడిది ఎంచుకున్నాను.

"ఇయ్యేటే?" అన్నావు. "కాపలా నాన్నా" అన్నాను. "దేవుడి సాలుకి నా కూతురు కాపలా ఎట్టినాది" అని ఊరంతా చెప్పుకున్నావు. ఈనెలు పసుపెక్కి కాయలు గిడసబారుతుంటే, పాపం, రోజూ పొద్దున్నే కండువాతో ఆ అట్టల మీద దుమ్ము తుడిచేవాడివి. తుడిచినకొద్దీ దోమకు ఇంకా బాగా కనిపించేవి. నేను గట్టు మీద నిలబడి చూస్తూ ఊరుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను నాన్నా.

నీ మీద ఎవరికీ కోపం లేదు. ఈ ఉత్తరం గుడిలో చదివించు. నన్నే వచ్చి చెప్పమంటే వచ్చి చెప్తాను.

నీ కూతురు,
రెబెక్కా.


బారువ,
నవంబరు 27.

అమ్మా రెబెక్కా,

నీ ఉత్తరాన్ని మీ అమ్మ ఇక్కడికి పంపింది. నేను మీ పెదనాన్న ఇంట్లో ఉన్నాను. ఎవరికీ చెప్పొద్దని మీ అమ్మ దగ్గర మాట తీసుకున్నాను. గుమ్మంలోంచే గెంటేస్తే ఆ పరువు తక్కువ నా ఒక్కడితోనే పోతుందని.

పండుగ మర్నాడే బయలుదేరి వచ్చాను. దేవుడికి కోపం వచ్చిందని భయపడి వచ్చాను, ప్రేమతో రాలేదు. కిడ్నీలు పాడై అన్న మంచాన పడి ఉన్నాడు. కాళ్లు ఇంతేసి వాచిపోయాయి. "ఇన్నాళ్లకి దారి తెలిసినాదేటిరా యోనా?" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. అప్పటినుంచీ గంజి నా చేత్తోనే పట్టాను. ఇంకెవరు పట్టినా మూతి తిప్పుకునేవాడు.

ఈ తెల్లవారుజామున అన్న పోయాడు.

పండుగకు ముందే నువ్వు నిజం చెప్పి ఉంటే నేను ఊరు కదిలేవాణ్ణి కాదు. అలాగని చేసింది మంచిపనే అనుకోకు. ఆ అట్టలు తుడిచిన చేతులు ఇవి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. గుడిలో చెప్పాల్సింది నువ్వే చెప్పు, నేను పక్కన నిలబడతాను.

ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. అన్న కొడుకు మహేష్ బండి మీద ఈ ఉత్తరం తెస్తున్నాడు. అతని వెనక ఎక్కి వచ్చెయ్. రేపు పదింటికి సమాధి. నీ మీద నాకు కోపం ఉంది తల్లీ. మా అన్న మీద పదకొండేళ్లు పెట్టుకున్నాను. మళ్లీ అన్నేళ్లు నాకు లేవు.

మీ నాన్న,
యోనా.