రెండో బటన్

బావా,

సమస్త బంధుజనానికి తెలియజేయునది ఏమనగా, మా గోడౌన్‌లో పాత అట్టపెట్టెల్ని నొక్కి కట్టలు చేసే మిషనుకి ఆకుపచ్చ రంగేశారు. రిబ్బను నేనే కత్తిరించాను. మేనేజరు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

నీ మిషనుకీ రెండు బటన్లేనట. రెండు చేతులతో నొక్కితేగానీ పైపలక దిగదట. నువ్వేమో ఒక బటన్లో చెక్కముక్క ఇరికించి ఒంటిచేత్తో కానిచ్చేస్తున్నావని అక్క చెప్పింది. తెలివి నీ ఒక్కడి సొత్తనుకోకు, నేనూ అదే చేశాను. ఖాళీ చేత్తో టీ తాగేవాణ్ణి. మొన్న ఒక అట్ట అడ్డంగా లేస్తే ఆ చెయ్యే లోపల పెట్టి సర్దాను. కుడిచెయ్యి మాత్రం నొక్కుతూనే ఉంది. నాలుగు వేళ్లు పోయాయి. "వేళ్లేవిరా?" అని మేస్త్రీ అరిస్తే, "కట్టతోపాటు లారీ ఎక్కేశాయి" అన్నాను.

అక్కకి చదివి వినిపించకు, ముందు ఇది విను. రిబ్బను అబద్ధం. మేనేజరు ఏడుపు అబద్ధం. వేళ్లు పోవడం కూడా అబద్ధమే, పదీ ఉన్నాయి. చెయ్యి లోపల పెట్టడం నిజం. పలక నా చొక్కా చేతిని పట్టుకుంది. పక్కవాడు నా కుడిచేతిని బటన్ మీంచి లాగేశాడు కాబట్టి సరిపోయింది. ఎందుకంటే బావా, భయంతో నేను బటన్‌ని ఇంకా గట్టిగా నొక్కాను. అది కల్పించలేదు. ఆ చెక్కముక్క పీకేసి జవాబు రాయి.

నీ బావమరిది