వంటిల్లు చూసి తీసుకున్న ఇల్లు

1963 జూన్, మంగళవారం
పోర్ట్ బ్లెయిర్

బళ్లో తెలుగు చెప్పే ఉద్యోగం ఈ రోజు ఖాయమైంది. బడికి దగ్గరగా ఉంటుందని అబర్డీన్ బజార్‌లోనే గది తీసుకోమన్నారు హెడ్మాస్టరు. మధ్యాహ్నం పడవలో అవతలికి వెళ్లి, హోప్ టౌన్‌లో ఒక ఇల్లు చూశాను. వంటింట్లో వెలుతురు చక్కగా ఉంది. ఏ ఇల్లు చూసినా మా ఆవిడ సరళ ముందు వంటింట్లోకే వెళ్లేది. ఇదే తీసుకుంటానన్నాను.

"అమ్మగారెప్పుడొస్తారు మేస్టారూ?" అంది ఇంటావిడ.

"మా ఆవిడ లేదు. పోయి ఏడాదైంది."

ఆమె వంటింటి వైపు చూసింది.

"మరి అకేలా, ఒంటరి మనిషికి ఇంత వంటిల్లెందుకండీ? మీకు చాయ్ పెట్టడం కూడా రానట్టుందే."

"నేర్చుకుంటాను."

గాలివానకు పడవ నడవని రోజు బడికెలా వెళ్లాలో తెలియదు. తాళంచెవి మాత్రం తీసుకున్నాను. రేపు బజార్లో ముందు అన్నం గిన్నె కొనాలి.