అప్‌డేట్ వచ్చి చాలా రోజులైంది బావా

భావనపాడు,
మాఘమాసం, మంగళవారం.

బావకు రాజకుమారి నమస్కారాలు.

ఇక్కడ నేను, అమ్మడు, మా నాన్న కులాసాగా ఉన్నాం. అక్కడ గుజరాత్ వేరావల్‌లో నువ్వూ, నీ పడవలో ఉన్న మనవాళ్ళూ కులాసా అనే నమ్మకంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ ఇచ్చి ఊరుకోకుండా గుమ్మంలో నిలబడి, "ఏటమ్మా, సేతిలో అంతేసి ఫోనెట్టుకుని మీ ఆయన ఉత్తరాలు రాస్తన్నాడేటి? రీసార్జి అయిపోనాదా?" అని నవ్వాడు. నేనూ నవ్వేశాను. లోపలికి వచ్చి చదివాక నవ్వు పోయింది. ఫోన్‌లో అడిగితే నేను మాట మారుస్తున్నానని, కాగితం మీద అడిగితే తప్పించుకోలేనని రాశావు. నిజమే. అందుకే నేనూ కాగితం మీదే జవాబిస్తున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు "ఏటే" అనగానే మళ్ళీ మాట మార్చేస్తాను.

ముందు చిన్న సంగతులు రాస్తాను. వంటింటి పైన ఎగిరిపోయిన రేకు నాన్న బిగించాడు. ఇప్పుడు కారడం లేదు. నీ పాత వల అమ్మలేదు, అమ్మను కూడా, నువ్వు వచ్చాక నువ్వే తేల్చుకో. అమ్మడికి ముందు పన్ను ఊడింది. "నాన్నకి సూపించీదాకా కొత్తది రాకూడదు" అని అద్దం ముందు కూర్చుని పన్నుతో తగువు పెట్టుకుంటోంది. పట్టుదలలో నీ కూతురే, నా పోలిక ఒక్కటీ రాలేదు. నాకు దగ్గు తగ్గింది.

ఇక ఫోన్ సంగతి. మీరు పడవలెక్కడానికి వెళ్ళే ముందు మనవాళ్ళంతా టెక్కలిలో ఒకే దుకాణంలో ఒకే రకం ఫోన్లు కొన్నారు కదా, ఒకరికి రాకపోతే ఒకరు నేర్పుకోవచ్చని. అందరం కలిసే నేర్చుకున్నాం, అందరం కలిసే మునిగాం. దసరా ముందు వచ్చిన ఆ అప్‌డేట్ వేసుకున్న మర్నాడు వీధి వీధంతా గగ్గోలు. వీడియో కాల్ యాప్ లేదు. గాలివాన కబురు చెప్పే యాప్ లేదు. పోనీ మళ్ళీ దింపుకుందామంటే యాప్‌లు దింపుకునే స్టోరే లేదు. దుకాణం అతను తాపీగా, "ఇంకో అప్‌డేట్ వస్తాదమ్మా, అందులో అన్నీ తిరిగొచ్చీస్తాయి, కంగారు పడకండి" అన్నాడు. కంగారు పడకుండా ఉండటానికి అతని పెళ్ళాం అతని పక్కనే ఉంది మరి.

అప్పటి నుంచి రేవులో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుపడితే చేపల ఊసు లేదు, అప్‌డేట్ ఊసే. పక్కింటి భారతి సిగ్నల్ బాగా అందుతుందని పొద్దున్నే ఇసుక దిబ్బ ఎక్కి ఫోన్ ఎత్తి పట్టుకునేది. ఒక శుక్రవారం ఫోన్‌కి అగరొత్తి తిప్పడం కూడా నేను చూశాను. వాళ్ళాయన యుగంధర్‌కి చెప్పకు, తర్వాత భారతి నన్ను బతకనివ్వదు.

మా అందరికీ అది ముచ్చట. అత్తకు కాదు. మనకు ఫోన్‌లో గొంతు వినపడితే చాలు. పుట్టుకతో చెవిటీ మూగా అయిన మీ అమ్మ ఆ గొంతుని ఏం చేసుకుంటుంది? ఆవిడ మాటంతా చేతుల్లోనే. నువ్వు చిన్నప్పుడు మాటలు నేర్చుకున్నదీ ఆ చేతుల దగ్గరే, నేను నేర్చుకున్నదీ అక్కడే. వీడియో పోయాక కూడా సాయంత్రం తల దువ్వుకుని, ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, దాని ముందు కూర్చునేది. నల్లటి అద్దాన్ని కొంగుతో తుడిచేది. నాకు చూడటానికి కష్టంగా ఉండేది.

నువ్వు అడిగింది ఇది. యుగంధర్ నీ పడవలోనే ఉన్నాడు, ఒడ్డుకు వచ్చిన ప్రతిసారీ భారతి ముఖం చూసి మాట్లాడుతున్నాడు. అదే ఫోన్, అదే ఊరు, గోడకు గోడ. మన ఇంటికి మాత్రం రాని అప్‌డేట్ ఏమిటని అడిగావు. ఆ తర్వాత రాసిన మాట చదవలేకపోయాను. చివరిసారి వీడియోలో చేపల గంప మానేయమని నువ్వు కోప్పడితే అమ్మ ఫోన్ బోర్లా పెట్టేసింది కదా, "ఆ కోపంతోనే నా ముఖం చూడనంటోందా, నీచేత అబద్ధం చెప్పిస్తోందా" అని రాశావు.

అబద్ధం చెప్పించింది ఆవిడే, చెప్పింది నేనే. కోపం మాత్రం కాదు. అప్‌డేట్ వచ్చి చాలా రోజులైంది బావా. దీపావళి వెళ్ళగానే ఊరంతటికీ వచ్చింది, మనకూ వచ్చింది. పోయినవన్నీ తిరిగొచ్చాయి. పైన కులాసా రాసినప్పుడు అత్త పేరు రాయలేదు, నువ్వు చూసే ఉంటావు. రాయడానికి చెయ్యి రాలేదు. ఎక్కడైనా కూర్చుని మిగతాది చదువు.

దీపావళి ముందు, ఇంకా ఫోన్లలో ఏమీ లేని రోజుల్లో, ఒక పొద్దున్న అత్తా నేనూ పెరట్లో కవళ్ళ చేపలకు ఉప్పు పట్టిస్తున్నాం, ఎండబెట్టడానికి. అత్త నాకేసి చెయ్యి ఆడించింది. ఉప్పు అనడానికి వేళ్ళు నలిపి చూపిస్తుంది కదా, ఆ వేళ్ళు కలవలేదు. అది ఉప్పులా లేదు, వానలా ఉంది. "ఏటత్తా, సేతికింకా నిద్దర వదల్లేదేటి" అని నవ్వి, ఆవిడ చేసినట్టే చేసి వెక్కిరించాను. మళ్ళీ చెప్పింది. మళ్ళీ తప్పింది. నోటి మాట తడబడితే ఎవరైనా హడలిపోతారు. చేతి మాట తడబడితే నేను నవ్వాను.

మధ్యాహ్నం గంప ఎత్తబోయి కూలబడింది. నాన్న ఆటో పిలిచి వాళ్ళ అక్కను ఎక్కించాడు. ఆసుపత్రిలో డాక్టరు గారు మొట్టమొదట అడిగింది, "పొద్దున్నుంచి మాటలో ఏమైనా తేడా వచ్చిందా?" అని. నాన్న చేతులు కట్టుకుని, "మా అప్పకి మాటెక్కడిది బాబూ, పుట్టుమూగ కదా" అన్నాడు. పక్కనే ఉన్న నేను తల ఊపాను. పొద్దున్నే ఆవిడ మాట పడిపోయిందని, నా కళ్ళ ముందే పడిపోయిందని చెప్పాలని నాకు తోచలేదు. పక్షవాతమని సాయంత్రానికి తేలింది. మొదట్లోనే తెలిస్తే ఇచ్చే మందు వేరే ఉంటుందట, దానికి వేళ దాటిపోయింది. ఆయన అడగాల్సింది అడిగారు. మా ఇంట్లో పుట్టి పెరిగిన మనుషులమే జవాబు తప్పు చెప్పాం. నాన్న ఇప్పటికీ వాళ్ళ అప్ప ఎదురుగా కూర్చోలేకపోతున్నాడు.

ప్రాణానికి భయం లేదు. కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తోంది. నేనే తినిపిస్తున్నాను. కుడి చెయ్యి మాత్రం భుజం నుంచి వేలాడుతోంది, వేలు కూడా కదలదు.

నీకు ఆ రోజే చెప్పాల్సింది. ఇంటికి తెచ్చిన వారంలోనే అప్‌డేట్ వచ్చింది. వీడియో యాప్ తెర మీద కనబడగానే పరుగెత్తుకెళ్ళి చూపించాను. అత్త ముఖం ఒక్కసారి వెలిగింది. తర్వాత తన చేతి వంక చూసుకుంది. ఎడమ బొటనవేలితో ఆ బొమ్మను నొక్కి పట్టి, పక్కకు లాగి తీసేసింది. అమ్మడు ఆటలు తీసేస్తుంటే చూసి నేర్చుకున్నట్టుంది. నేను మళ్ళీ దింపాను. మళ్ళీ తీసేసింది. ఆ తర్వాత ఫోన్ నా ఒళ్ళో పెట్టి, ఎడమ అరచెయ్యి నా నోటి మీద వేసి గట్టిగా నొక్కింది. ఆ చేతినే తీసి అమ్మడి తల మీద పెట్టింది. బిడ్డ మీద ఒట్టు వేయించుకున్నాక నేనేం చెయ్యను? నువ్వు అడిగినప్పుడల్లా అప్‌డేట్ రాలేదన్నాను. రాకపోవడం అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఆ అబద్ధం సులువుగా అతికింది. అత్త పడిపోయిన సంగతి మీ పడవ దాకా చేరనివ్వొద్దని భారతినీ, వీధిలో వాళ్ళనీ బతిమాలుకున్నాను.

ఎడమ చేత్తో మాట్లాడొచ్చు కదా అంటావు. నేనూ అన్నాను, రోజూ అన్నాను. మీ అమ్మ సంగతి నీకు తెలుసు. ఎవరైనా ఎడమ చేత్తో డబ్బులిస్తే బేరం వదులుకుని గంపెత్తుకుని వచ్చేస్తుంది. నేను నా ఎడమ చేత్తో నీ పేరు పలికి చూపించాను, లంగరు తగిలిన నీ గాటు ఉన్నచోట, ఆవిడ గీసినట్టే కుడి కనుబొమ్మ మీద గీత గీసి. ఆవిడ ముఖం మాడిపోయింది. ఆ చెయ్యి కడుక్కోవడానికి, కొడుకు పేరు పలకడానికి కాదని చూపుతోనే చెప్పింది.

దీపావళి నుంచి మన ఇంట్లో అత్త మాట లేదు. ఊళ్ళో వాళ్ళకు తేడా తెలియడం లేదు. "మూగమ్మ ఎప్పుడూ మూగమ్మే గదా" అంటున్నారు. ఆవిడ ఎంత వాగుడుకాయో, పొయ్యి దగ్గర కూర్చుంటే ఊరందరి కబుర్లూ చేతులతో ఎలా చెప్పేదో నీకూ నాకూ మాత్రమే తెలుసు. నాకు ఇంట్లో ఏమీ తోచడం లేదు బావా. ఏడుపొస్తోంది.

ఇలాంటిది మళ్ళీ రావచ్చని డాక్టరు గారు చెప్పారు. రెండోసారి వస్తే ఎడమ చెయ్యి కూడా పోతుందేమోనని నా భయం. అందుకే ఒట్టు తప్పుతున్నాను. పాపం ఏదైనా ఉంటే అమ్మడికి కాదు, నాకు తగలాలని దండం పెట్టుకున్నాను. సీజన్ సగంలో వదిలి రావాలో వద్దో నువ్వే ఆలోచించుకో. నన్నడిగితే వచ్చెయ్యమంటాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు అందులో సంగతి అత్తకు చేతులతో చెప్పాను. "నీ కొడుకు, నువ్వు కోపంతో ఉన్నావనుకుంటున్నాడు" అన్నాను. నా చేతుల వంకే చాలాసేపు చూసింది. లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. అన్నం తినలేదు.

ఈ రోజు పొద్దున్న నీళ్ళకని పెరట్లోకి వెళ్ళి ఆగిపోయాను. అత్త గోలెం దగ్గర కూర్చుని ఎడమ చెయ్యి కడుక్కుంటోంది. సబ్బు రాసి కడిగింది, మళ్ళీ కడిగింది, కొంగుకు తుడుచుకుంది. అప్పుడు ఆ చేతిని ముఖానికి అడ్డంగా కుడి కనుబొమ్మ దాకా తీసుకెళ్ళబోయింది. ముక్కు దగ్గరే జారిపోయింది. చెయ్యి మళ్ళీ కడుక్కుని మళ్ళీ మొదలుపెట్టింది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.

యాప్ మళ్ళీ వేశాను. ఈసారి తియ్యలేదు. ఒడ్డుకు రాగానే వీడియో చెయ్యి, ఫోన్ నేను పట్టుకుంటాను. నేను రాశానని చెప్పకు. ఏడవకు, చెయ్యి సంగతి అడగకు. ఆవిడకు చాలాసేపు పడుతుంది, ఎంతసేపైనా నీ పేరు పూర్తయ్యేదాకా ఫోన్ పెట్టెయ్యకు.

ఇట్లు,
నీ భార్యా, మీ అమ్మకు మేనకోడలూ అయిన
రాజకుమారి