మా కోర్టు గంట మూగబోయిన రోజు

వెండల్,
పవిత్ర శుక్రవారం

నా చిన్నారి చెల్లి అడేలాకు,

నిన్న ఉదయం మామూలు గురువారంలాగే మొదలైంది. ఐదింటికి లేచి పిండి పిసికాను. గసగసాలు నింపిన తీపి రొట్టెలు, మన కొలాచీలు, ఓవెన్లో పెట్టాను. ఆరున్నరకు తమ్ముడు ఎమిల్ ట్రక్కు వాకిట్లో ఆగింది. "అక్కా, కాఫీ ఉందా, ఒట్టి ప్రార్థనేనా?" అన్నాడు ఎప్పటిలాగే. రెండూ ఇచ్చాను.

ఇద్దరం కోర్టుకు వెళ్లాం. వాడు గడియార గోపురం తలుపు తెరిచి, కింద బల్ల మీద కూర్చున్నాడు. నేను తొంభై రెండు మెట్లూ ఎక్కాను. అవును అడేలా, నేనే. మూడేళ్లుగా వారం వారం ఆ గడియారానికి కీ ఇస్తున్నది నేను. వాడి మోకాళ్లు మెట్లకు పనికిరాకుండా పోయాయి. మన హ్రుష్కా కుటుంబంలో ఎక్కేవాళ్లు లేని రోజున మోటారు బిగించాలని కౌంటీ వాళ్లు ఎప్పుడో తీర్మానం చేసి పెట్టుకున్నారు. ఆడదాన్ని, నన్ను లెక్కలోకి తీసుకోరేమోనని ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా. ఏమనుకోకు.

పై కిటికీలోంచి అన్నీ కనబడతాయి. దాణా కొట్టయిన పాత రైలు స్టేషన్, జైలు, మన గుడి, నాన్న సమాధి. ఉత్తరాన పికెట్ ఊరు. ఒకప్పుడు కోర్టు అక్కడే ఉండేది; మనవాళ్లు దస్తావేజులు బండ్లమీద ఇక్కడికి ఎత్తుకొచ్చినందుకు వాళ్లకింకా కోపమే. వాళ్లకు టైము కూడా తెలియకూడదని మనవాళ్లు ఆ వైపు గడియారం ముఖమే పెట్టలేదు.

యంత్రం పెట్టె తలుపు మీద కత్తితో చెక్కిన పేర్లున్నాయి. ముత్తాత, తాత, నాన్న, ఎమిల్. నాకు పన్నెండేళ్లప్పుడు నన్నూ పైకి తీసుకెళ్లమని నాన్నను అడిగాను. "ఆడపిల్లవు, నీకెందుకమ్మా ఈ మెట్లు?" అని ఎమిల్ చేయి పట్టుకుని ఎక్కిపోయాడు. నేను కింద వాళ్ల టోపీలు పట్టుకుని నిలబడ్డాను. నలభై ఐదేళ్లుగా ఆ సంగతి జపమాలకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పిడి తిప్పేటప్పుడు అంకెలు లెక్కపెట్టను. తిప్పు తిప్పుకీ మరియమ్మకు ఒక మంగళవార్త జపం. నిన్న పవిత్ర గురువారం కదా, మనసంతా గుడిలో ఉంది. ఈస్టర్ రాత్రి దాకా మోగకుండా గుడి గంట సుత్తికి ఏటా తాడు కట్టేది నేనే. సాయంత్రం గుడిలో చేయాల్సిన పని, చేయి తనంతట తాను పొద్దున్నే కోర్టు గంటకు చేసేసింది. నాకు తెలియనే లేదు.

పొద్దుటి గంటలు మోగకపోయినా ఎవరూ పట్టించుకోలేదు. పన్నెండైంది. గంట మోగలేదు. మోగితే గానీ జడ్జి హార్వెల్ భోజనానికి లేవడు. పన్నెండున్నరకు జ్యూరీ వాళ్లే గొడవ చేశారట. నేను కొలాచీల పళ్లెంతో వెళ్లేసరికి ఆయన కోర్టు ముందు చెట్టు కింద, ఎమిల్ వాళ్లు డొమినోలు ఆడుతున్న బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా ఎమిల్, గంటకు గొంతు పోయిందా?"

"క్యాథలిక్కుల గంటలు ఈ మూడు రోజులూ రోముకు పోతాయటగా. మనదీ పోయినట్టుంది!" అన్నాడు మంగలి డూయీ. వాడు బాప్టిస్టు.

అందరూ నవ్వారు. ఎమిల్ నవ్వలేదు. వాడికి అర్థమైపోయింది. నావైపు చూశాడు. కావాలంటే తనే ఏదో మరిచిపోయానని చెప్పి తప్పు తన మీద వేసుకోవచ్చు.

"గంట సుత్తికి తాడు కట్టింది మా అక్క. మూడేళ్లుగా ఎక్కుతున్నది కూడా తనే. నేను కింద కూర్చుని కాఫీ తాగుతున్నాను" అన్నాడు.

డొమినోలు ఆగిపోయాయి.

"అయితే రోజీనా, పైకెళ్లి ఆ తాడు విప్పు, నాకు ఆకలేస్తోంది. గడియారం ఎవరి చేతిలో ఉంటుందో మీ ఇంట్లో తేల్చుకుని రేపు చెప్పండి. లేదంటే మోటారే" అన్నాడు జడ్జి.

ఊరంతా చూస్తుండగా ఎక్కాను. ఒంటిగంట మోగింది.

సాయంత్రం పూజ అయ్యాక ఎమిల్, నేను అమ్మ వంటింట్లో కూర్చున్నాం. మోటారు పెట్టించి నన్ను విశ్రాంతి తీసుకోమంటారేమోనని భయపడ్డాను. అమ్మ ఒక్కటే అడిగింది. "రోజీ, నీకు ఇష్టమేనా?"

"పన్నెండో ఏటినుంచీ" అన్నాను.

అమ్మ ఎమిల్ వైపు చేయి చాపి గోపురం తాళంచెవి తీసుకుంది. దాన్ని నా పళ్లెం పక్కన పెట్టింది. పెద్దదాన్ని కాబట్టి పెట్టె తలుపు మీద నాన్న పేరు కిందే నా పేరు కూడా చెక్కాలంది. నాన్న పేరుకూ తన పేరుకూ మధ్య చోటు లేదని ఎమిలే చెప్పాడు. వాడి పేరు చిత్రిక పట్టేసి అక్కడ నాది చెక్కాలని, కింద వాడిది మళ్లీ చెక్కాలని తేల్చారు. మెట్లెక్కలేడు కాబట్టి తలుపే కిందికి దింపించుకుని వాడే చెక్కుతాడట.

ప్రార్థనలో నిన్ను తలుచుకునే,
మీ అక్క
రోజీనా