నీ హార్మోనియం రుచి

రాజయ్యా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. బతికున్నప్పుడు రాసినవాటికీ నువ్వు జవాబివ్వలేదు కాబట్టి నాకు పెద్ద తేడా లేదు.

సంగీతం నా చెవికెక్కదని, నాకు అన్నీ తిండితో పోల్చి చెప్పేవాడివి. ఖవ్వాలీ బగారన్నమట, ముందు వాసనే పిలిచి కూర్చోబెడుతుందట. మన భజన పచ్చిపులుసట, పొయ్యి లేకుండానే కుదరాలట. మా పటాన్‌చెరు ఫ్యాక్టరీ కాలనీలో మోగే లౌడ్‌స్పీకర్ పాటలు ఆవకాయట, బాగుంటాయి గానీ పిడికెడు తినలేమట.

నిన్న సంగారెడ్డిలో మీ ఇంట్లో భజన పెట్టారు. ఏడాదిగా గుడ్డ చుట్టి ఉన్న నీ హార్మోనియాన్ని నీ కూతురు సుశీల మొదటిసారి అందరి ముందూ వాయించింది. రెండుచోట్ల వేళ్లు తడబడ్డాయి. అందరూ ప్రసాదం తీసుకుని వెళ్లాక నా పక్కనొచ్చి కూర్చుంది.

"పెద్దబాపూ, నిజం చెప్పు. నేను వాయించింది మా బాపు లెక్క ఉన్నదా? లేకుంటే ఈ హార్మోనియం పెట్టెను గుడికి ఇచ్చేస్త."

"నన్నడుగుతవేంది బిడ్డా? నాకు హార్మోనియంకు, లారీ హారన్‌కు తేడా తెల్వది."

"బాపు నీకు ఎట్ల చెప్తుండెనో గట్లనే చెప్పు."

బాగుందని అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ నీ బిడ్డ నీలాగే కళ్లలోకి చూస్తూ అడిగింది.

"ఉప్పు జెర తక్కువైంది. మీ బాపు చేతి వంట కాదు. అయినా ఇంకొంచెం వడ్డించమని అడగబుద్ధయింది."

సుశీల కళ్లు తుడుచుకుంది. పెట్టెను దగ్గరికి లాక్కుని, ఒక్క నా కోసమే మళ్లీ మొదలుపెట్టింది.

పటాన్‌చెరు బస్సు వెళ్లిపోయింది రాజయ్యా, నేను లేవలేదు.