బత్తాయి ఐసు

సత్తెనపల్లి,
ఏప్రిల్ 4

ప్రియమైన శివపార్వతి అక్కకు,

నేను శ్రీరమ్యను, మీ తర్వాత ఈ ఇంటికి వచ్చినదాన్ని. ఫోన్ చేస్తే ఆయన చూస్తారని ఉత్తరం రాస్తున్నాను. మీ గీతాంజలి నా చేతి ముద్ద తినడం లేదు. జ్వరం తగ్గినా నోరు తెరవదు. "అమ్మ చేసే బత్తాయి ఐసు కావాలి" అని ఒకటే ఏడుపు. చేసి పెడితే, "చేదు! ఇది అమ్మది కాదు" అని గోడకేసి కొట్టింది. అత్తయ్య చూసి, "పిల్లకి ఐసు చెయ్యటం రాదుగానీ, కాపురం చేసిద్దంట" అన్నారు. ఎలా చేస్తారో చెప్పండక్కా.

మీరు ఒప్పుకుంటే, మీ చెల్లెలు
శ్రీరమ్య

మంగళగిరి,
ఏప్రిల్ 11

ప్రియమైన రమ్యకు,

నీ ఉత్తరం చింపబోయాను. పిల్ల తినడం లేదన్న దగ్గర చెయ్యి ఆగింది.

నువ్వు ఆఖరి చుక్క దాకా పిండుతున్నట్టున్నావు, అందుకే చేదు. గింజ నలగకూడదు. రసం తీయగానే పటికబెల్లం పొడి కలిపి, చిన్న స్టీలు గ్లాసులో పోసి ఫ్రిజ్‌లో ఐసు గడిలో పెట్టు. సగం గడ్డకట్టాక చెంచా గుచ్చు. ముందే గుచ్చితే ఒరిగిపోతుంది. దాని చేతికివ్వకు, చల్లగా ఉందని వదిలేస్తుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని నువ్వే పట్టుకో. మధ్యమధ్యలో అన్నం ముద్ద పెట్టు.

వేసవి సెలవులకు పిల్లను నా దగ్గరికి పంపుతామని విడిపోయేటప్పుడు పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నారు. ఆయనకు గుర్తు చెయ్యి. మా నాన్న మగ్గం పక్కన దానికి ఉయ్యాల కూడా కట్టాడు.

ఉంటాను,
అక్క

సత్తెనపల్లి,
మే 2

ప్రియమైన అక్కకు,

తింది. ఐసు కరిగి నా చీరంతా కారింది. ఒకసారి చప్పరించడం, ఒక ముద్ద మింగడం. అలా తింటూ తింటూ ఒకరోజు నన్ను "అమ్మా" అంది.

నాకు పిల్లలు పుట్టరని తెలిసే ఈ రెండో సంబంధానికి ఇచ్చారు. ఆ పిలుపు నేను ఎదురుచూసింది కాదు. ఆయన మీ దగ్గరికి పంపుదామనే అన్నారు. నేనే వద్దన్నాను. "ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది, పంపితే మళ్ళీ మొదటికొస్తుంది" అని చెప్పాను. అసలు సంగతి వేరు. మిమ్మల్ని చూస్తే ఇక నా దగ్గరికి రాదని భయం. క్షమించమని అడిగే ముఖం లేదు.

రమ్య

మంగళగిరి,
మే 19

రమ్యకు,

మొన్న మీ వీధికి వచ్చాను. గీత అరుగు మీద ఒక్కతే ఆడుకుంటోంది. కాస్త ఒళ్ళు చేసింది. "తల్లీ" అని పిలిచాను. లేచి రెండడుగులు వేసింది. నేను చేతులు చాచాను. అది అక్కడే ఆగి, ఇంట్లోకి తొంగిచూసి, గుసగుసగా, "నువ్వొచ్చావని తెలిస్తే అమ్మ ఏడుద్ది. ఎల్లిపో" అంది.

ఎత్తుకుని ఆటో ఎక్కేద్దామనే వచ్చాను. ఆ మాట విన్నాక చేతులు రాలేదు.

దాన్ని ఎలా మచ్చిక చేసుకోవాలో నీకు పూసగుచ్చినట్టు రాసింది నేనే. పిల్లను నాకే ఇమ్మని కోర్టులో కేసు వేశాను, నోటీసు అందుతుంది. నువ్వు ఏడ్చినా, అది ఏడ్చినా ఆగను.

తొలకరి పడ్డాక ఐసు పెట్టకు. దానికి ఆయాసం వస్తుంది.

ఇక నన్ను అక్కా అని రాయకు.

శివపార్వతి