మా నాన్న పారిపోలేదు

గౌరవనీయులైన రెవెన్యూ అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పెద్దింటి ధాన్యపు కొట్టు నేల తవ్వించుట, మా అమ్మ రికార్డు సరిచేయించుట గురించి.

ఊరి దర్జీనైన నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మా ఊరు పెద్దింటి వారు అడవి నరికించి కట్టినది. ఆ ఇంటి పెద్దాయన పన్నెండు కుటుంబాలను బండ్ల మీద తెచ్చి ఇళ్ల స్థలాలు ఇచ్చారు, బడి పెట్టారు, బాట వేయించారు. ఎవరింట పెళ్లి కుదరాలన్నా, తగువు తీరాలన్నా వారి అరుగు మీదే. ఆయన అన్నదే ఊరికి నిజం. ఈ అర్జీ రాస్తున్న అక్షరాలు కూడా నేను వారి బడిలోనే నేర్చుకున్నాను.

2. మా నాన్న బావులు తవ్వేవాడు. నేను పుట్టడానికి నెల ముందు, అమ్మ పుట్టింట ఉండగా, కనబడకుండా పోయాడు. "ఎవరినో వెంటేసుకుని పట్నం పారిపోయాడు" అని పెద్దాయన చెప్పారు. ఊరు నమ్మింది. అమ్మ కూడా నమ్మింది. తమ కార్యాలయపు రికార్డులో ఆమె యాభై రెండేళ్లుగా "భర్త విడిచిన స్త్రీ". నన్ను బడిలో "పారిపోయినోడి కొడుకు" అనేవారు.

3. పోయిన నెల పెద్దాయన కూతురు, ఆ ఇంట మిగిలిన ఆఖరి మనిషి, జాకెట్టు కొలతలకని నన్ను పిలిపించారు. మంచం మీంచి లేవలేని మనిషికి కొత్త జాకెట్టేమిటా అనుకుంటూ వెళ్లాను. టేపు తీయబోతే చెయ్యి పట్టుకున్నారు.

"మీ నాన్న ఎక్కడికీ పోలేదయ్యా. బావి కూలింది. మట్టి కింద ఉండిపోయాడు. తెలిస్తే రావలసిన కొత్త కుటుంబాలు రావని మా నాన్న బావి పూడ్పించి, పైన కొట్టు కట్టించాడు. తాడు పట్టిన ఇద్దరికీ పొలం ఇచ్చి నోరు మూయించాడు. నేను కిటికీలోంచి చూశాను."

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదమ్మగారూ?"

"మా నాన్న కదయ్యా!"

మట్టి కింద ఉన్నాయన నాకూ నాన్నే కదమ్మా అని అడగాలని ఇంటికొచ్చాక తోచింది. నాలుగో రోజున ఆమె పోయారు.

4. సదరు కొట్టు కొన్నవారు సోమవారం సిమెంటు పోయిస్తున్నారు. ఊరి పెద్దల దగ్గరికి వెళితే "మనకింత నీడ ఇచ్చిన ఇంటి మీద బురద చల్లుతావా?" అని కసిరారు. అయ్యా, నాకు ఆ ఇంటి మీద కోపం లేదు. ఉంది, తమ దగ్గర అబద్ధం ఎందుకు. కానీ నేను అడిగేది పరిహారం కాదు.

కావున తమరు దయతో ఆ నేల తవ్వించి, మా నాన్నను మాకు అప్పగించి, అమ్మ రికార్డులో "వితంతువు" అని రాయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఆమెకు ఎనభై దగ్గర పడ్డాయి. సోమవారం లోపుగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఊరి దర్జీ

మరొక మనవి: అమ్మకు చెప్పకుండా సంతకం పెట్టబుద్ధి కాక పొద్దున ఇదంతా చదివి వినిపించాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అరచేతులు చూసుకుంది.

"ఆ కొట్టు పదిహేడేళ్లు నేనే ఊడ్చానురా," అంది. "ఊడ్చినన్నాళ్లూ మీ నాన్నని తిట్టుకుంటూనే ఊడ్చాను."